ఇన్వెంటర్ సాఫ్ట్‌వేర్ రివ్యూ: నెల్లూరు, ఒంగోలు ఫ్యాబ్రికేషన్ షాపులకు ఎంతవరకు పనికొస్తుంది?

ఆటోడెస్క్ కంపెనీ 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్వెంటర్ 1999లో వచ్చింది. ఆటోక్యాడ్‌లో గీతలు గీసి బండి నడిపే షాపులు మన దగ్గర ఇప్పటికీ ఎక్కువే. అలాంటి షాపు ఇన్వెంటర్‌కు మారాలా అంటే, ముందు మీరు చేసే పని చూసుకోవాలి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలకు ఏరియేటర్లు (రెక్కలతో నీటిలో గాలి కలిపే మిషన్లు), మేత బిన్నులు చేస్తున్నారా? చీమకుర్తి గ్రానైట్ యూనిట్లకు స్లాబ్ స్టాండ్లు, ట్రాలీలు చేస్తున్నారా? రైసు మిల్లులకు హాపర్లు, ఎలివేటర్ బూట్లు (ఎలివేటర్ అడుగు పెట్టెలు) కడుతున్నారా? అంటే, అదే మిషన్‌ను కొలతలు మార్చి మళ్లీ మళ్లీ చేసే పనా? అలాగైతే ఇన్వెంటర్ పెట్టుబడికి తగ్గ పని చేసిపెడుతుంది. విరిగిన షాఫ్టు తెచ్చి ఇలాంటిదే ఒకటి చేసివ్వమనే రిపేరు పనులే ఎక్కువైతే వెర్నియర్, కాగితం, లేత్ చాలు. సాఫ్ట్‌వేర్ మీద డబ్బు పెట్టవద్దు.

మొదట షీట్ మెటల్ గురించి, ఎందుకంటే ఇన్వెంటర్‌ను మెచ్చుకునేవాళ్లూ తిట్టుకునేవాళ్లూ ఇక్కడే కనిపిస్తారు. గేర్‌బాక్స్ కవరో, మోటారు మూతో గీశాక ఫ్లాట్ ప్యాటర్న్ నొక్కితే మడతలన్నీ విప్పి కటింగ్ సైజు ఇస్తుంది. ఆ సైజుకు కోసి, వంచి చూస్తే మూత బిగుసుకుపోతుంది, లేదా వదులవుతుంది. దాంతో సాఫ్ట్‌వేర్ లెక్క తప్పంటారు. లెక్క తప్పు కాదు, దానికిచ్చిన అంకెలు మన మిషన్‌వి కావు. ఇన్వెంటర్ తనంతట తాను మడత లోపలి రేడియస్‌ను షీటు మందానికి సమానంగానూ, కె ఫ్యాక్టర్‌ను (వంచినా సాగని పొర షీటు మందంలో ఎక్కడుందో చెప్పే అంకెను) 0.44గానూ తీసుకుంటుంది. 2 మిల్లీమీటర్ల ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) షీటుకు రేడియస్ 2 అనుకుని 90 డిగ్రీల మడతకు దాదాపు 3.5 మిల్లీమీటర్లు తగ్గించి కటింగ్ సైజు ఇస్తుంది. కానీ 16 మిల్లీమీటర్ల నోరున్న వి డై (షీటును వంచే అచ్చు) మీద ఎస్‌ఎస్ వంచితే లోపలి రేడియస్ 2 రాదు, 3 దాటుతుంది. ఎయిర్ బెండింగ్‌లో (షీటు డై అడుగుకు తగలకుండా వంచే పద్ధతిలో) రేడియస్‌ను నిర్ణయించేది షీటు మందం కాదు, డై నోరు. మైల్డ్ స్టీలుకు డై నోటిలో ఆరో వంతు, ఎస్‌ఎస్‌కు ఐదో వంతు వస్తుందని అంచనా వేసుకోవచ్చు.

దీన్ని సరిచేయడానికి ఒక పట్టీ ముక్క చాలు. మీరు వాడే షీటులోంచే 100 మిల్లీమీటర్ల పొడవు, 40 వెడల్పు పట్టీ కోయండి. పొడవును వెర్నియర్‌తో కచ్చితంగా కొలిచి రాసుకోండి. రోజూ వాడే డై మీదే మధ్యలో 90 డిగ్రీలకు వంచండి. మూలమట్టంతో కోణం చూసుకుని, రెండు కాళ్లనూ బయటివైపు నుంచి కొలిచి కలపండి. మొత్తం 103.9 వచ్చిందనుకుందాం. 100 కంటే ఎక్కువ వచ్చిన ఆ 3.9 మీ బెండ్ డిడక్షన్. ఇన్వెంటర్ దాని లెక్క ప్రకారం 103.5 వస్తుందనుకుంటోంది. ఒక్క మడతకు 0.4 తేడా అంటే కంటికి ఆనదు. నాలుగు మడతల పెట్టెలో అది 1.6 మిల్లీమీటర్లవుతుంది. మూత కూర్చోకపోవడానికి అంత చాలు.

ఇక కె ఫ్యాక్టర్. రేడియస్‌నూ మందాన్నీ కలిపి రెండింతలు చేసి, అందులోంచి బెండ్ డిడక్షన్ తీసేయండి. రేడియస్ 3, మందం 2, డిడక్షన్ 3.9 అయితే 10 లోంచి 3.9 పోగా 6.1. దాన్ని 1.5708తో భాగించి, రేడియస్ తీసేసి, మందంతో భాగిస్తే 0.44 వస్తుంది. ఇక్కడ కె ఫ్యాక్టర్ మొదటినుంచీ సరిగానే ఉంది, తప్పిందల్లా రేడియస్ ఒక్కటే. చాలామంది కె ఫ్యాక్టర్‌ను అటూ ఇటూ మార్చి మార్చి అలిసిపోతారు గానీ రేడియస్ జోలికి పోరు. షీట్ మెటల్ డిఫాల్ట్స్‌లోకి వెళ్లి స్టైల్ ఎడిటర్‌లో కొత్త రూల్ చేసి, ఈ అంకెలు అందులో పెట్టండి. రూలు పేరులోనే లోహం, మందం, డై సైజు వచ్చేలా చూడండి. ప్రతి మందానికీ, ప్రతి డైకీ విడి రూలు ఉండాలి. కొత్త లోడు షీటు రాగానే మైక్రోమీటర్‌తో మందం చూసుకోవడం అలవాటు చేసుకోండి. 2 అని అమ్మే షీటు 1.9 ఉంటే ఈ లెక్కంతా కదిలిపోతుంది.

షీట్ మెటల్‌లో ఇన్వెంటర్ చెప్పని సంగతులు రెండున్నాయి. ఒకటి, చిన్న అంచు. 16 డై మీద 11 మిల్లీమీటర్ల కంటే తక్కువ అంచు వంగదు, షీటు డైలోకి జారిపోతుంది. ఇన్వెంటర్ మాత్రం 6 మిల్లీమీటర్ల అంచునూ అందంగా గీసి చూపిస్తుంది. రెండోది, మడత పక్కనే పడే బోల్టు రంధ్రం. మడతకూ రంధ్రం అంచుకూ మధ్య షీటు మందానికి రెండింతలూ దానికి రేడియస్ కలిపినంతా ఎడం లేకపోతే వంచేటప్పుడు రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. ఈ రెండూ గీసేవాడే చూసుకోవాలి. అందుకే బెండింగ్ మిషన్ దగ్గర నిలబడి చూడని కుర్రాడికి షీట్ మెటల్ డ్రాయింగ్ అప్పజెప్పవద్దు.

లేజర్ కటింగ్‌కు డీఎక్స్‌ఎఫ్ (కటింగ్ షాపు తీసుకునే డ్రాయింగ్ ఫైలు) పంపేటప్పుడు ఇంకో గండం ఉంది. ఫ్లాట్ ప్యాటర్న్‌ను డీఎక్స్‌ఎఫ్‌గా సేవ్ చేసినప్పుడు బయటి గీత, లోపలి రంధ్రాలు, మడత గీతలు వేర్వేరు లేయర్లలో వెళతాయి. మడత గీతల లేయర్ల పేర్లు ఐవీ బెండ్, ఐవీ బెండ్ డౌన్. సేవ్ చేసేటప్పుడు వాటిని ఆపకపోతే అవతల ఆపరేటర్ ఫైలు ఉన్నదున్నట్టు ఎక్కించి మడత దగ్గర షీటును రెండు ముక్కలు చేసే ప్రమాదం ఉంది. టాంజెంట్ గీతల (మడత మొదలయ్యే, ముగిసే చోట్లు చూపే గీతల) లేయరు, ఆర్క్ సెంటర్ల లేయరు కూడా ఆపేయాలి. ఒకసారి సెట్ చేసుకున్న ఎంపికలను కాన్ఫిగరేషన్ ఫైలుగా దాచుకుంటే ప్రతిసారీ వెతుక్కునే పని ఉండదు. ఎక్కడ వంచాలో చూపే డ్రాయింగ్‌ను విడిగా పీడీఎఫ్‌లో పంపండి. మొత్తం పొడవు, వెడల్పు అందులో అంకెల్లో రాయండి. అంగుళాల టెంప్లేట్‌లో మొదలుపెట్టిన పార్టు మిల్లీమీటర్ల షాపుకు వెళితే ఆ రెండు అంకెలే పట్టిస్తాయి. చెన్నైకి పంపి కోయించుకునే షాపులు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి, తప్పు తెలిసేసరికి షీటు లారీలో ఉంటుంది.

ఛానళ్లు, యాంగ్లర్లతో ఫ్రేములు గీసే ఫ్రేమ్ జనరేటర్ నా లెక్కలో ఇన్వెంటర్‌కే తలమానికం. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ స్లాబుల స్టాండు చూద్దాం. 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల ఎత్తు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక్క స్లాబు బరువు, ఘనమీటరుకు 3 టన్నుల లెక్కన, 324 కిలోలు. ఒక్కో వైపు 10 ఆనిస్తే 3 టన్నులు దాటింది. ఇలాంటి స్టాండును ఫ్రేమ్ జనరేటర్‌తో గీయడం సులువు. ముందు ఒక పార్టులో అస్థిపంజరంలా గీతలు మాత్రమే గీయాలి. దాన్ని అసెంబ్లీలో (పార్టులన్నీ కలిపే ఫైలులో) పెట్టి సేవ్ చేసి, ఫ్రేమ్ ఇన్సర్ట్ నొక్కి, సెక్షన్ ఎంచుకుని, ఒక్కొక్క గీతనూ ముట్టుకుంటూ పోతే ఛానళ్లు, యాంగ్లర్లు వచ్చి కూర్చుంటాయి. ఆ తర్వాత మూలలకు మైటర్ (ఏటవాలు కోత), అడ్డంగా తగిలేచోట ట్రిమ్, పైపు మీద పైపు వచ్చేచోట నాచ్. అస్థిపంజరంలో పొడవు 3 నుంచి 3.3 మీటర్లకు మారిస్తే ఫ్రేమంతా మారుతుంది, కటింగ్ లిస్టుతో సహా.

మూలలకు కోతలు పెట్టకముందే ఛానల్ నోరు ఎటు తిరిగిందో చూసుకోవాలి. యాంగ్లర్ అయితే తిప్పడంతో పాటు మిర్రర్ కూడా కావాల్సి వస్తుంది. కోతలయ్యాక తిప్పితే కొన్ని మూలలు చెడిపోయి ఎర్ర గుర్తులు పడతాయి. ఒక మెంబరు వద్దనుకుంటే కీబోర్డు మీది డిలీట్‌తో తీయవద్దు. ఫ్రేమ్ మెనూలోని కమాండుతోనే తీయాలి, లేకపోతే దాని కోతలు, లింకులు వెనక మిగిలిపోయి తర్వాత తలనొప్పి తెస్తాయి. కటింగ్ లిస్టులో వచ్చే పొడవులు నికరం పొడవులు. కటింగ్ వీల్ తినే 2, 3 మిల్లీమీటర్లు మీరే కలుపుకోవాలి. 6 మీటర్ల లెంగ్త్‌లో ఏ ముక్క తర్వాత ఏ ముక్క కోస్తే తుక్కు తగ్గుతుందో కూడా ఈ లిస్టు చెప్పదు.

సెక్షన్ల దగ్గర మరో జాగ్రత్త. 100 ఛానల్ అని కంటెంట్ సెంటర్‌లో (ఇన్వెంటర్‌లోని రెడీమేడ్ పార్టుల లైబ్రరీలో) దొరికిన మొదటిదాన్ని ఎంచుకుంటే అది జర్మన్ ప్రమాణం డిన్ ప్రకారం ఉన్న ఛానల్ కావచ్చు. దాని బరువు మీటరుకు 10.6 కిలోలు. మన భారత ప్రమాణం ఛానల్ ఐఎస్‌ఎంసీ 100 మీటరుకు దాదాపు 9.6. ఎత్తు, వెడల్పు ఒకేలా ఉంటాయి గనక డ్రాయింగ్‌లో తేడా కనబడదు. వెబ్ (నడుమ పలక) మందం, ఫ్లాంజ్ (అంచు రెక్క) మందం వేరు. బోల్టు పొడవులూ కోటేషన్ బరువూ తప్పుతాయి. మీరు రోజూ కొనే పది, పన్నెండు సెక్షన్లను సొంతంగా గీసి, రాయడానికి వీలున్న లైబ్రరీ ఒకటి తెరిచి, అందులోకి పబ్లిష్ చేసుకోండి. రెండు రోజుల పని, తర్వాత ఏళ్లపాటు కలిసొస్తుంది.

బరువు మాట వచ్చింది గనక, మెటీరియల్ పెట్టడం మరవవద్దు. కొత్త పార్టు తెరిస్తే మెటీరియల్ జెనరిక్ అని ఉంటుంది, దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాము. ఎస్‌ఎస్ 304 సాంద్రత 8. మరిచిపోతే 80 కిలోల ఫ్రేము 10 కిలోలని చూపిస్తుంది. మోటారు, గేర్‌బాక్స్ లాంటి కొనుగోలు వస్తువులను లోపల ఖాళీ లేకుండా దిమ్మలా గీస్తాం కాబట్టి వాటి బరువూ నమ్మదగ్గది కాదు. వాటిని తూకం వేసి, ఐప్రాపర్టీస్‌లో ఫిజికల్ ట్యాబ్‌లో ఆ బరువు చేత్తో కొట్టాలి. ఏరియేటర్ విషయంలో ఇది చాలా ముఖ్యం. సెంటర్ ఆఫ్ గ్రావిటీ నొక్కితే బరువు ఎక్కడ కేంద్రీకృతమైందో చూపిస్తుంది. అది ఫ్లోట్ల (ఏరియేటర్‌ను తేల్చే డబ్బాల) మధ్య గీత నుంచి మోటారు వైపు జరిగితే నీళ్లలో ఏరియేటర్ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన వైపు రెక్కలు లోతుగా మునిగి మోటారు మీద లోడు పెరుగుతుంది. గుంటలో దించాక ఫ్లోటు జరపడం కంటే తెర మీద జరపడం తేలిక.

ఏరియేటర్ షాఫ్టును ఇన్వెంటర్‌లోని షాఫ్ట్ జనరేటర్‌తో లెక్క కట్టవచ్చు. 2 హెచ్‌పీ, అంటే 1.5 కిలోవాట్లు. రెక్కలు నిమిషానికి దాదాపు 100 సార్లు తిరుగుతాయి. 9550ని 1.5తో హెచ్చించి 100తో భాగిస్తే టార్క్ 143 న్యూటన్ మీటర్లు. గేర్‌బాక్స్ మధ్యలో ఉండి రెండు వైపులా షాఫ్టు వెళితే ఒక్కో వైపు 72. 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు ఆ మెలి బలం వల్ల పడే ఒత్తిడి 23 మెగాపాస్కల్స్ మాత్రమే. ఎస్‌ఎస్ 304కు అది లెక్కలోకి రాదు.

మరి గుంటల మీద షాఫ్టులు ఎందుకు విరుగుతున్నాయి? స్ట్రెస్ అనాలిసిస్ (ఒత్తిడి ఎక్కడ ఎంతో రంగుల్లో చూపే లెక్క) బొమ్మ అంతా నీలంగా, అంటే ఒత్తిడి తక్కువగా ఉంది గనక ఢోకా లేదని నమ్మిన షాపు ఈ ప్రశ్న వేసుకోవాలి. ఇన్వెంటర్‌లో ఉన్నది లీనియర్ స్టాటిక్ అనాలిసిస్. అంటే లోడు ఒకసారి పెట్టి అలాగే ఉంచితే ఏమవుతుందో చెబుతుంది. ఏరియేటర్ షాఫ్టు రాత్రంతా తిరుగుతుంది. రెక్క నీటిని కొట్టిన ప్రతిసారీ షాఫ్టు వంగి లేస్తుంది. ఉప్పునీటి గుంటలో కీవే (షాఫ్టులో కీ కూర్చునే గాడి) మూల దగ్గరో, వెల్డింగ్ పక్కనో, పిన్ను రంధ్రం దగ్గరో సన్నని పగులు మొదలై పెరుగుతుంది. ఫెటీగ్ విరుపు ఇదే. దాన్ని స్టాటిక్ అనాలిసిస్ చూడలేదు. ఫెటీగ్ లెక్కకు ఇన్వెంటర్ నాస్ట్రాన్ కావాలి, అది వేరే ప్యాకేజీలో వస్తుంది. అది లేకున్నా చేయగలిగింది ఉంది. కీవే చివర గుండ్రంగా తీయడం, షాఫ్టు సైజు మారేచోట రేడియస్ ఇవ్వడం, వంపు ఎక్కువ పడేచోట వెల్డింగ్ పెట్టకపోవడం. స్టాటిక్ అనాలిసిస్‌ను రెండు డిజైన్లు పక్కపక్కన పెట్టి ఏది మెరుగో చూడటానికి వాడండి, అందుకు బాగా పనికొస్తుంది. పదునైన లోపలి మూలలో వచ్చే ఎర్ర అంకెను మాత్రం పట్టించుకోవద్దు. మెష్ (లెక్క కోసం పార్టును విడగొట్టే గళ్లు) సన్నం చేసేకొద్దీ అది పెరుగుతూనే పోతుంది, ఎక్కడా నిలవదు.

ఒకే మిషన్ రకరకాల సైజుల్లో చేసేవాళ్లకు పారామీటర్లు (మార్చుకోగల కొలతలు), ఐలాజిక్ (వాటిని నియమాలతో ముడిపెట్టే సాధనం) అసలైన లాభం. రెక్కల చక్రాలు 2, 4, 6 అని ఒక పారామీటర్ పెట్టి, షాఫ్టు పొడవు, బేరింగ్ స్టాండ్ల సంఖ్య, ఫ్లోట్ల దూరం దానికి ముడిపెడితే రైతు అడిగిన మోడల్ డ్రాయింగు, కటింగ్ లిస్టు నిమిషాల్లో తయారు. పారామీటర్లకు అర్థమయ్యే పేర్లు పెట్టండి. డీ17, డీ42 అని వదిలేస్తే గీసిన కుర్రాడు ఉద్యోగం మానేసిన రోజున ఫైలు ఎవరికీ కొరుకుడు పడదు.

డ్రాయింగ్ షీట్లకు ఐఎస్‌ఓ టెంప్లేటే తీసుకోండి. అది ఫస్ట్ యాంగిల్‌లో (వ్యూలను అమర్చే ఒక పద్ధతిలో) వస్తుంది, మన ఐటీఐల్లో నేర్పేదీ అదే. అమెరికా ప్రమాణమైన ఆన్సీ టెంప్లేట్ థర్డ్ యాంగిల్. వ్యూలు తారుమారైతే ఎడమ కుడి మారి బ్రాకెట్లు అద్దంలో బొమ్మల్లా వస్తాయి.

ఫైళ్ల దగ్గర ఇన్వెంటర్ క్రమశిక్షణ అడుగుతుంది. ఆటోక్యాడ్‌లోలా ఒక్క ఫైలు పంపితే సరిపోదు. అసెంబ్లీ ఫైలులో పార్టులు ఉండవు, వాటి చిరునామాలే ఉంటాయి. వాట్సాప్‌లో అసెంబ్లీ ఒక్కటీ పంపితే అవతలివాళ్లకు పార్టులు ఎక్కడున్నాయో చూపించమనే ప్రశ్నల వరుస తప్ప ఏమీ కనబడదు. ప్యాక్ అండ్ గో వాడితే అన్నీ ఒక ఫోల్డరులోకి చేరతాయి. ప్రతి పనికీ విడి ప్రాజెక్టు ఫైలు పెట్టుకోండి. పార్టుల పేర్లు విండోస్‌లో నేరుగా మార్చవద్దు, డిజైన్ అసిస్టెంట్‌లో మార్చండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలును పాత వెర్షన్‌లో తెరిచి దిద్దడం కుదరదు. అందుకే మీరూ, మీ డ్రాఫ్ట్స్‌మన్ ఇంట్లో వాడే కంప్యూటరూ ఒకే వెర్షన్‌లో ఉండాలి.

కరెంటు పోయే ఊళ్లలో ఇది మరింత అవసరం: ఇన్వెంటర్ తనంతట తాను సేవ్ చేయదు, చేయమని గుర్తుచేస్తుంది, అంతే. ఆప్షన్స్‌లో సేవ్ రిమైండర్‌ను 10 నిమిషాలకు పెట్టండి, యూపీఎస్ లేకుండా పని మొదలుపెట్టవద్దు. ఫైలు చెడిపోతే ఓల్డ్ వెర్షన్స్ ఫోల్డరులో పాత కాపీ ఉంటుంది. స్థలం తినేస్తోందని దాన్ని చెరిపేయవద్దు.

కంప్యూటర్ సంగతి. విండోస్ మాత్రమే. 500 పార్టుల లోపు అసెంబ్లీలకు కంపెనీ చెప్పే కనీస ర్యామ్ 16 జీబీ, ఆపైన 32. ఏరియేటర్, స్టాండ్ స్థాయి పనికి 16 సరిపోతుంది, కానీ ప్రతి బోల్టుకూ మరలు గీయవద్దు. పైపైన బొమ్మగా చూపించే థ్రెడ్ చాలు. నిజం మరలు గీసిన వంద బోల్టులు మంచి కంప్యూటర్‌నూ చతికిలబడేస్తాయి.

లైసెన్స్ దగ్గరే చాలామంది వెనకడుగు వేస్తారు, అది న్యాయమే. ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సులను ఆటోడెస్క్ 2016లో ఆపేసింది. ఇప్పుడు నెలకో ఏడాదికో కట్టాలి. చిన్న షాపుకు ఇది భారమే, నా అభిప్రాయంలో ఇన్వెంటర్‌కున్న పెద్ద లోపమూ ఇదే. కట్టడం ఆపితే మీ ఫైళ్లు మీ దగ్గరే ఉన్నా తెరిచి దిద్దలేరు. అందుకే పూర్తయిన ప్రతి పనినీ స్టెప్ ఫైలుగా (వేరే 3డీ సాఫ్ట్‌వేర్లలోనూ తెరుచుకునే ఫైలుగా), డ్రాయింగ్‌ను పీడీఎఫ్‌గా కూడా దాచుకోండి. నెలలో నాలుగైదు రోజులే డిజైన్ పని ఉండే షాపు అయితే ఫ్లెక్స్ టోకెన్లు చూడండి, వాడిన 24 గంటలకే లెక్క. షాపు పనికి విద్యార్థి లైసెన్స్ వాడటం నిబంధనలకు విరుద్ధం. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కుర్రాళ్లు నేర్చుకోవడానికి మాత్రం అది ఏడాదికోసారి రెన్యూ అవుతూ ఉచితంగా వస్తుంది.

డబ్బు అసలు పెట్టలేనివాళ్లకు ఫ్రీక్యాడ్ ఉంది, ఉచితం, షీట్ మెటల్‌కు యాడ్ఆన్ దొరుకుతుంది. కానీ ఫ్రేమ్ పనిలో ఇన్వెంటర్ ఇచ్చే వేగం అందులో రాదు.

30 రోజుల ట్రయల్ దొరుకుతుంది. ఆ నెలలో ట్యుటోరియల్ బొమ్మలు గీస్తూ కూర్చోవద్దు. మీ షాపులో ఎక్కువగా అమ్ముడయ్యే మిషన్ ఒకటి తీసుకోండి. మొదటి వారం పట్టీ వంచి రూళ్లు చేసుకోవడానికి, మీ సెక్షన్లు లైబ్రరీలో పెట్టుకోవడానికి ఇవ్వండి. తర్వాత ఆ మిషన్‌ను పూర్తిగా గీసి, దాని కటింగ్ లిస్టు ప్రకారమే ఒకటి కట్టండి. మీ వెల్డర్ గ్రైండర్ పట్టుకుని ఎన్ని ముక్కలు సరిచేయాల్సి వచ్చిందో లెక్కపెట్టి, కొనాలా వద్దా అన్నది ఆ లెక్కను బట్టి తేల్చుకోండి.